అమ్రాబాద్ అడవిలో మంట: శాటిలైట్‌కు ఎంత తెలుస్తుంది?

ఎండాకాలం సెలవుల్లో శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు, ఫర్హాబాద్ దాకా పోయొచ్చే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడ నేలంతా ఎండుటాకే. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క ఒక్కటి చాలు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంత జంగల్‌లో ఏ మూల మంట లేచిందో బీట్ ఆఫీసర్‌కు ఎట్లా తెలుస్తుంది?

ఖబర్ పైనుంచి వస్తుంది. సుయోమీ ఎన్‌పీపీ అనే అమెరికా ఉపగ్రహం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్ళీ రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది. అది పొగను వెతకదు, నేల నుంచి వచ్చే వేడిని కొలుస్తుంది. ఆ డేటాను అందుకునే యాంటెన్నాలు షాద్‌నగర్‌లోనే ఉన్నాయి, ఎన్‌ఆర్‌ఎస్‌సీ కేంద్రంలో (అది కూడా పాత మహబూబ్‌నగర్ జిల్లానే). అక్కడి నుంచి డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాకు, ఆ తర్వాత అక్షాంశ రేఖాంశాలతో సిబ్బంది ఫోన్లకు ఎస్ఎంఎస్. ఆ అంకెలు జీపీఎస్‌లో వేసుకుని బయల్దేరతారు.

మ్యాప్‌లో ఎర్ర చుక్క కనబడగానే మంట సరిగ్గా అక్కడే ఉందనుకుంటాం. కాదు. ఆ చుక్క 375 మీటర్ల చదరానికి నడిమధ్య. అంటే దాదాపు 35 ఎకరాలు, మంట అందులో ఏ మూలనైనా ఉండొచ్చు. మధ్యాహ్నం మూడింటికి అంటుకున్నది ఈ ఉపగ్రహానికి రాత్రి దాకా తెలియదు. వేరే ఉపగ్రహాలున్నా మధ్యలో గంటల ఖాళీ ఉంటుంది. మబ్బు కమ్మితే అదీ లేదు. పొలంలో తగలబెట్టిన గడ్డి కూడా చుక్కగానే వస్తుంది.

అందుకే అడవిలో ఫైర్ వాచర్లు కావాలి. చివరికి మంటను పచ్చి కొమ్మలతో కొట్టి, బ్లోయర్లతో ఆకు ఊదేసి ఆపేది మనుషులే. ఆలస్యమైతే ముందు పోయేది మొలకలు, నేల మీది గూళ్ళు. చెంచులు ఏరుకునే ఇప్పపువ్వు, తునికాకు కూడా అందులోనే పోతాయి.

ఈ ఎస్ఎంఎస్‌ల కోసం ఫారెస్ట్ సర్వే వెబ్‌సైట్‌లో ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. దారిలో పొగ కనబడితే ఫోన్‌లో మీరున్న చోటు అంకెలు రాసి పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అయితే అవి మీరున్న చోటు అంకెలు, పొగ ఉన్న చోటువి కావు. పొగ ఎటువైపు, సుమారు ఎంత దూరమో కూడా మన్ననూరు చెక్‌పోస్టులో చెప్పండి.