రెటీనా పంపేది బొమ్మ కాదు

మిట్టమధ్యాహ్నం ఆరుబయట అరుగు మీద కూర్చుని దినపత్రిక చదువుతున్నారనుకోండి. అక్షరాలు నల్లగా, కాగితం తెల్లగా కనిపిస్తాయి. అదే పత్రికను ఇంట్లోకి తెచ్చి ట్యూబులైటు కింద పట్టుకున్నా నలుపు నలుపే, తెలుపు తెలుపే. ఇందులో వింతేముంది అనిపిస్తుంది కానీ, లెక్క వేస్తే ఉంది. ఎండ వెలుతురు సుమారు 1,00,000 లక్స్. మామూలు గదిలో అది 300 దాటడమే ఎక్కువ. నల్ల సిరా తన మీద పడిన కాంతిలో నూటికి 5 వంతులు, కాగితం 70 వంతులు తిప్పి పంపుతాయనుకుందాం. అప్పుడు ఎండలో ఉన్న నల్ల అక్షరం నుంచి వచ్చే కాంతి, గదిలో ఉన్న తెల్ల కాగితం నుంచి వచ్చే కాంతికి ఇరవై రెట్ల పైమాటే. కాంతిని కొలిచి చెప్పడమే కంటి పని అయితే, ఎండలోని అక్షరం గదిలోని కాగితం కన్నా తెల్లగా కనిపించాలి. అలా కనిపించదు. కాంతి ఎంత ఉందన్నది కంటికి ముఖ్యం కాదు. పక్కదానికంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నదే ముఖ్యం. ఈ తేడా తీసే పని మెదడుకు చేరకముందే, కంటి వెనక గోడను అంటిపెట్టుకుని ఉన్న పావు మిల్లీమీటరు మందం పొరలో మొదలవుతుంది. ఆ పొరే రెటీనా.

బడిలో కన్నును కెమెరాలా నేర్చుకున్నాం. ముందు కటకం, వెనక తెర, తెర మీద తలకిందుల బొమ్మ. అంతవరకు పాఠం సరైనదే. కానీ పాఠం అక్కడితో ఆగిపోతుంది, అసలు కథ అక్కడే మొదలవుతుంది. తల్లి గర్భంలో పిండం మెదడు ఏర్పడుతున్నప్పుడు దాని నుంచే రెండు బుడిపెలు పక్కలకు పొడుచుకొచ్చి, గిన్నెల్లా లోపలికి ముడుచుకుని, రెటీనాలుగా మారతాయి. అంటే రెటీనా మెదడుకు అతికించిన పరికరం కాదు, మెదడులో ఒక ముక్క. కోతా కుట్టూ లేకుండా కంటి వైద్యులు కంటిపాపలోంచి తొంగి చూడగలిగే మెదడు భాగం ఇదొక్కటే.

ఈ ముక్క లోపలి అమరికను మొదట విడమరిచి చూపినవాడు స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్. ఇటలీకి చెందిన కామిల్లో గాల్జీ కనిపెట్టిన వెండి రంగు పద్ధతిలో కొద్ది కణాలు మాత్రమే నల్లబడి, కొమ్మలతో సహా స్పష్టంగా కనిపిస్తాయి. కహాల్ పక్షులు, చేపలు, క్షీరదాల రెటీనాలను పల్చగా కోసి, ఆ రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తూ చేత్తో బొమ్మలు గీశాడు. వెన్నెముక గల జీవుల రెటీనా మీద ఆయన పెద్ద రచన 1893 ప్రాంతంలో వచ్చింది. 1906లో ఆ ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ బొమ్మలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అవి చూపిన అమరిక ఇది: కాంతిని పట్టే దండ కణాలు, శంకు కణాలు అన్నిటికంటే వెనక ఉంటాయి. వాటి ముందు ద్విధ్రువ కణాలు, వాటికీ ముందు గాంగ్లియాన్ కణాలు. గాంగ్లియాన్ కణాల పొడవాటి తీగలే కట్టగా కలిసి కంటి నరంగా మెదడుకు వెళతాయి. ఈ నిలువు దారికి అడ్డంగా రెండు చోట్ల మరో రెండు రకాల కణాలు అల్లుకుని ఉంటాయి. మొదటి మజిలీలో హారిజాంటల్ కణాలు, రెండో మజిలీలో అమాక్రైన్ కణాలు. కంటిలోకి వచ్చిన కాంతి ఈ పొరలన్నీ దాటాకే దండ, శంకు కణాలను చేరుతుంది.

ఇక్కడ ఒక లెక్క మీద కాసేపు ఆగాలి. ఒక్కో కంటిలో దండ కణాలు దాదాపు పది కోట్లు, శంకు కణాలు సుమారు 50, 60 లక్షలు. కంటి నరంలో ఉండే తీగలు మాత్రం 10, 12 లక్షలే. నూరు కణాలు పట్టిన సమాచారం సగటున ఒక్క తీగలో సర్దుకోవాలి. ప్రతి కణానికీ సొంత తీగ ఉంటే కంటి నరం అడ్డుకోత నూరు రెట్లు పెరిగి, అంత లావు మోకును వెనక తగిలించుకుని కనుగుడ్డు ఇటూ అటూ తిరగడమే కష్టమయ్యేది. కాబట్టి రెటీనా వచ్చిందంతా పంపదు, ఏరి పంపుతుంది. ఏది ఏరుతుందన్న ప్రశ్నకు జవాబు కోసం శాస్త్రవేత్తలు అర్ధశతాబ్దం శ్రమించారు.

మొదటి మెట్టులోనే ఒక తలకిందుల వ్యవహారం ఉంది. కాంతి తగిలితే కాంతిగ్రాహక కణం ఉత్తేజం పొందుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. ఈ కణాలు చీకట్లోనే చురుగ్గా ఉండి, గ్లూటమేట్ అనే రసాయనాన్ని ఎడతెగకుండా వదులుతుంటాయి. కాంతి పడగానే కణంలోని విద్యుత్ స్థితి మారి, రసాయనం తగ్గుతుంది. దండ కణంలో ఒక్క ఫోటాన్‌ను ఒక్క రోడాప్సిన్ అణువు పట్టుకుంటే చాలు, ఆ అణువు అనేక ప్రోటీన్లను మేల్కొలుపుతుంది, అవి ఇంకెన్నో అణువులను విరగ్గొడతాయి, కణపు పొరలో తెరిచి ఉన్న ద్వారాలు మూసుకుంటాయి. 1979లో బేలర్, లాంబ్, యౌ అనే శాస్త్రవేత్తలు గోదురుకప్ప కంటిలోని ఒకే ఒక దండ కణాన్ని సన్నని గాజు గొట్టంలోకి లాగి, ఒక్క ఫోటాన్‌కు అది ఇచ్చే స్పందనను కొలిచారు. ప్రకృతిలో కాంతికి అంతకంటే చిన్న ముక్క లేదు.

ఇక తేడాల సంగతి. అమెరికా శాస్త్రవేత్త హాల్డన్ కెఫర్ హార్ట్‌లైన్ 1938లో కప్ప కంటి నరంలోంచి ఒక్కో పోగును విడదీసి దాని విద్యుత్ సంకేతాలను వింటే, కొన్ని పోగులు దీపం వెలిగించినప్పుడు మోగాయి, కొన్ని ఆర్పినప్పుడు మోగాయి, కొన్ని రెండుసార్లూ మోగాయి. అంతకు ముందు నుంచే ఆయన గుర్రపునాడా పీత మీద కూడా పనిచేస్తున్నాడు. దాని పక్క కన్ను దాదాపు వెయ్యి చిన్న కళ్ళ గుంపు. ఒక చిన్న కంటి మీద కాంతి వేస్తే దాని పోగు గట్టిగా స్పందించింది. పక్కనున్న కళ్ళ మీద కూడా కాంతి వేస్తే, పెరగాల్సింది పోయి, మొదటి దాని స్పందన తగ్గింది. ప్రతి కన్నూ తన ఇరుగుపొరుగును అణచివేస్తోంది. దీనివల్ల వెలుతురు అంతటా ఒకేలా ఉన్నచోట అందరూ ఒకరినొకరు తగ్గించుకుంటారు. వెలుగునీడల అంచు దగ్గర మాత్రం వెలుగు వైపు కణాన్ని అణిచేవాళ్ళు తక్కువ కాబట్టి అది ఇంకా గట్టిగా పలుకుతుంది. అంచు ప్రస్ఫుటమవుతుంది. 1860ల్లో శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ వెలుగునీడల సరిహద్దులో లేని గీతలు కనిపిస్తాయని గమనించి, కారణం రెటీనాలోనే ఉండాలని ఊహించాడు. హార్ట్‌లైన్ పీత ఆ ఊహకు గట్టి బలమిచ్చింది. 1967లో ఆయనకు నోబెల్ వచ్చింది.

క్షీరదాల సంగతి తేల్చినవాడు స్టీఫెన్ కఫ్లర్. హంగరీలో పుట్టి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన ఈయన 1953లో పిల్లి రెటీనా మీద చిన్న చిన్న కాంతి చుక్కలు వేస్తూ ఒక్కో గాంగ్లియాన్ కణాన్ని విన్నాడు. ప్రతి కణానికీ రెటీనాలో ఒక గుండ్రని ఇలాకా ఉంది. కొన్ని కణాలకు ఇలాకా నడుమ కాంతి పడితే ఉత్సాహం, చుట్టూ పడితే నిరుత్సాహం. మరికొన్నిటికి సరిగ్గా తిరగేసినట్టు. ఇలాకా మొత్తం ఒకేసారి వెలిగిస్తే రెండూ చాలావరకు కొట్టేసుకుని స్పందన నీరసంగా వచ్చింది. ఒకే రంగు గోడను చూస్తున్నప్పుడు గోడ మధ్యలోని లక్షల చుక్కల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, అందుకే కణాలు తక్కువ మాట్లాడతాయి. గోడ అంచు, దాని మీది మేకు, మేకు నీడ, వీటి గురించి చెబుతాయి. నా దృష్టిలో గత శతాబ్దపు మెదడు శాస్త్రంలో ఇంత సులువుగా చెప్పగలిగి ఇంత లోతుగా వెళ్ళిన ఫలితం ఇంకొకటి లేదు. కఫ్లర్ ప్రయోగశాలలోనే పని ప్రారంభించిన డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీజెల్ ఇదే పద్ధతిని మెదడులోకి తీసుకెళ్ళి 1981లో నోబెల్ అందుకున్నారు. కఫ్లర్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు.

వెలుగును చెప్పే కణాలు, నీడను చెప్పే కణాలు ఒకే శంకు కణం నుంచి ఎలా పుడతాయి? జవాబు ద్విధ్రువ కణాల్లో ఉంది. ఒక రకం కణాలకు గ్లూటమేట్ అంటే ఉత్తేజం, ఇంకో రకానికి అదే గ్లూటమేట్ అణచివేత. కాంతి పడి గ్లూటమేట్ తగ్గగానే మొదటిది నీరసిస్తుంది, రెండోది లేస్తుంది. రసాయనం ఒకటే, అందుకునే గ్రాహకం వేరు. 1986లో పీటర్ షిల్లర్ బృందం వెలుగు దారిని మాత్రమే మూసే మందును కోతుల కళ్ళలో వాడి చూసింది. వెలుగు పెరిగితే అవి పసిగట్టడం చాలా కష్టమైంది, తగ్గితే మాత్రం పసిగట్టగలిగాయి. నీడ అంటే వెలుగు లేకపోవడమే అని మనం అనుకుంటాం. రెటీనాకు నీడ కూడా సొంతంగా ఒక వార్త, దానికి సొంత తీగలున్నాయి.

కదలికకూ ఉన్నాయి. 1960ల్లో హోరేస్ బార్లో, విలియం లెవిక్ కుందేలు రెటీనాలో ఎడమ నుంచి కుడికి కదిలితే స్పందించి, కుడి నుంచి ఎడమకు కదిలితే ఊరుకునే కణాలను పరిశీలించారు. ఆ వివేచన ఎక్కడిదన్నది చాలాకాలం చిక్కుముడి. కిరణాలు చిమ్మిన చుక్కలా కొమ్మలు పరిచే ఒక అమాక్రైన్ కణం ఇందులో కీలకమని తేలింది. 2011లో బ్రిగ్‌మాన్, హెల్మ్‌స్టాటర్, డెంక్ ఎలుక రెటీనాను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పొరలు పొరలుగా చిత్రించి, ఏ కొమ్మ ఎవరికి తగులుతోందో పోల్చుకున్నారు. ఆ చుక్క కణం కొమ్మలు, తమ దిశకు ఎదురు దిశను ఇష్టపడే కణాలతోనే ఎక్కువగా ముడిపడి, వాటిని తమ దిశలో అణచివేస్తున్నాయి. తెలివి అంతా అల్లికలో ఉంది.

ఇప్పుడు ఎలుక రెటీనాలో నలభైకి పైగా రకాల గాంగ్లియాన్ కణాలను గుర్తించారు. ఒక్కో రకమూ రెటీనా అంతటా పరుచుకుని, ఒకే దృశ్యం గురించి తనదైన వార్తను పంపుతుంది. మనిషి రెటీనా నడిమధ్యన ఉండే ఫోవియా అనే చిన్న గుంటలో మాత్రం పొదుపు లేదు. అక్కడ ఒక్కో శంకు కణానికి వెలుగు కోసం ఒకటి, నీడ కోసం ఒకటి దాదాపు సొంత తీగలే ఉంటాయి. ఈ వాక్యం చదువుతున్నప్పుడు మీ చూపు మాట మీదనుంచి మాట మీదకు దూకేది, ఆ చిన్న గుంట మీదకు ఒక్కో మాటను తెచ్చుకోవడానికే. చూపును ఒకేచోట నిలిపామని అనుకున్నప్పుడూ కనుగుడ్డు సన్నగా కదులుతూనే ఉంటుంది. 1950ల్లో శాస్త్రవేత్తలు కంటితో పాటే బొమ్మ కూడా కదిలేలా చేసి, రెటీనా మీద దాన్ని స్థిరంగా నిలిపి చూశారు. కొద్ది క్షణాల్లో బొమ్మ మాయమైపోయింది. మారనిది రెటీనాకు వార్త కాదు. మన రెటీనా మీది రక్తనాళాల నీడలు మామూలుగా కనిపించకపోవడానికీ కారణం ఇదే.

ఈ విజ్ఞానం ఆసుపత్రికి చేరడం మొదలైంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బు రేచీకటితో మొదలై కాంతిగ్రాహక కణాలను మెల్లగా చంపేస్తుంది. గాంగ్లియాన్ కణాలు చాలావరకు మిగిలి ఉంటాయి. 2021లో జోసే అలాన్ సాహెల్, బోటాండ్ రోస్కా బృందం అలా చూపు పోయిన ఒకరి గాంగ్లియాన్ కణాల్లోకి కాంతికి స్పందించే ప్రోటీన్ జన్యువును పంపింది. ప్రత్యేకమైన కళ్ళజోడు సాయంతో ఆయన బల్ల మీది వస్తువులను గుర్తించి, తాకగలిగారు. అది పూర్తి చూపు కాదు, కానీ వస్తువులేవీ కనిపించని స్థితి నుంచి వచ్చిన మార్పు.

గాంగ్లియాన్ కణాలే పోతే ఆ దారి కూడా ఉండదు. నీటికాసులు, అంటే గ్లకోమా, చేసేది అదే. అయినా ఆ నష్టం త్వరగా బయటపడదు, ఎందుకో చూద్దాం. తీగలు రెటీనాను వీడి వెళ్ళే చోట కాంతిగ్రాహక కణాలు లేక మనందరికీ ఒక అంధచుక్క ఉంది. అక్కడ నల్లమచ్చ కనిపించకపోవడానికి కారణం, మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల దృశ్యంతో నింపేసుకోవడం. గ్లకోమాలోనూ అంతే. పక్కచూపు క్రమంగా పోతున్నా, నొప్పి లేకపోవడం వల్ల, రెండో కన్ను, మెదడు కలిసి వెలితిని కప్పేయడం వల్ల రోగికి తెలియదు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి 1990ల్లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో గ్లకోమా ఉన్నవారిలో అత్యధికులకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. చచ్చిన గాంగ్లియాన్ కణాలు తిరిగి మొలవవు. కంటి ఒత్తిడిని మందులతోనో, లేజర్‌తోనో, శస్త్రచికిత్సతోనో తగ్గించి మిగిలినవాటిని కాపాడుకోవడమే ఇప్పుడున్న చికిత్స. కాబట్టి నలభై దాటినవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు వచ్చి ఉంటే అంతకు ముందే, కళ్ళజోడు నంబరు చూపించుకోవడంతో సరిపెట్టకుండా కంటి నరాన్ని కూడా చూడమని డాక్టరును అడగండి.