ప్రపంచానికి దూరంగా ఒక ఊరు: ట్రిస్టన్ డా కునా

ద్వీపం అంటే ఏమిటని సార్ అడిగితే ‘నాలుగు వైపులా నీరు ఉన్న భూభాగం’ అని మనమందరం ఒక్క గొంతుతో చెబుతాం. మార్కులు కూడా వస్తాయి. కానీ ఆ నీటి మధ్య మనుషులు ఎలా బతుకుతారు, ఏం పండిస్తారు, జబ్బు చేస్తే ఎక్కడికి పోతారు, పిల్లలు పెద్ద చదువులకు ఎక్కడికి వెళతారు అన్న ప్రశ్నలు పరీక్షలో రావు. పీజీలో భూగోళశాస్త్రం చదువుతున్న మేము ఆ ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ ఒక ద్వీపం గురించి తెలుసుకున్నాం. హాస్టలులోని తమ్ముళ్లకు, ఇక్కడ చదువుకుని వెళ్లిన అన్నలకు దాని సంగతి చెప్పాలని ఈ వ్యాసం. ఆ ద్వీపం పేరు ట్రిస్టన్ డా కునా.

ఎక్కడ ఉంది?

అట్లాసు తీసి ఆఫ్రికా దక్షిణ కొనను, దక్షిణ అమెరికాను చూడండి. రెండింటి మధ్య దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో, సుమారు 37 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఒక చుక్క కనిపిస్తుంది. కొన్ని అట్లాసులలో అదీ కనిపించదు. దీనికి అన్నిటికంటే దగ్గరగా జనం నివసించే చోటు సెయింట్ హెలెనా ద్వీపం. ఆ ‘దగ్గర’ ఎంతో తెలుసా? సుమారు 2,400 కిలోమీటర్లు! హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైలులో పోయినా సుమారు 1,700 కిలోమీటర్లే. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ సుమారు 2,800 కిలోమీటర్లు. ద్వీపంలో విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం రోజులు పడుతుంది, సముద్రం బాగా లేకపోతే ఇంకా ఎక్కువ. ఓడలు కూడా ఏడాదికి కొన్నిసార్లే వస్తాయి.

ఈ ద్వీపం నిజానికి సముద్రం అడుగు నుంచి లేచిన ఒక అగ్నిపర్వతం. వైశాల్యం సుమారు 98 చదరపు కిలోమీటర్లు. మధ్యలో ఉన్న క్వీన్ మేరీ శిఖరం ఎత్తు 2,060 మీటర్ల పైనే. మన తూర్పు కనుమల్లో అంత ఎత్తు శిఖరం ఒక్కటి కూడా లేదు. తీరం చుట్టూ చాలా భాగం నిట్టనిలువు కొండచరియలే. వాయవ్యం వైపు కొద్దిపాటి చదును నేల ఉంది, ఊరు అక్కడే ఉంది. 1867లో ఎడిన్‌బరో డ్యూక్ వచ్చి చూసిన గుర్తుగా దానికి ‘ఏడు సముద్రాల ఎడిన్‌బరో’ అని పేరు పెట్టారు. జనాభా సుమారు 220 నుంచి 240 మధ్య ఉంటుంది. అంటే ఒక పెద్ద హాస్టలులో ఉండే పిల్లలంత మంది!

ఊరు ఎలా పుట్టింది?

1506లో పోర్చుగీసు నావికుడు ట్రిస్టావ్ డా కున్హా ఈ ద్వీపాన్ని చూశాడు. ఆయన పేరే దీనికి వచ్చింది. తర్వాత మూడు వందల ఏళ్ల వరకు ఇక్కడ స్థిరమైన ఊరు లేదు. నెపోలియన్‌ను సెయింట్ హెలెనాలో బంధించిన తర్వాత, అతన్ని విడిపించడానికి ఎవరైనా ఈ ద్వీపాన్ని వాడుకుంటారేమోనని బ్రిటిషువారు 1816లో ఇక్కడ సైన్యాన్ని దించారు. మరుసటి ఏడాదే సైన్యం వెనక్కి పోయింది. కానీ స్కాట్లాండుకు చెందిన కార్పోరల్ విలియం గ్లాస్ తన భార్యాబిడ్డలతో ఇక్కడే ఉండిపోతానన్నాడు. మరో ఇద్దరు తాపీమేస్త్రీలు అతనితో ఉండిపోయారు.

ఆ కొద్దిమంది 1817లో ఒక ఒప్పందం రాసుకున్నారు. దాని సారాంశం ఇది. సరుకులు, పశువులు అందరివి. లాభం సమానంగా పంచుకోవాలి. పనిలో తన వంతు ప్రతి ఒక్కరూ చేయాలి. ఎవరూ ఎవరి కంటే అధికులమని అనుకోకూడదు. నిన్నటిదాకా పై అధికారికి సెల్యూట్ కొట్టినవాళ్లు రాసుకున్న మాటలివి! 1827లో సెయింట్ హెలెనా నుంచి ఐదుగురు స్త్రీలు వచ్చి ఇక్కడి ఒంటరి మగవాళ్లను పెళ్లి చేసుకున్నారు. తర్వాత ఓడలు పగిలి ఒడ్డుకు చేరినవాళ్లూ కొందరు ఉండిపోయారు. 1892లో అలా వచ్చిన ఇద్దరు ఇటలీవాళ్ల ఇంటిపేర్లు రెపెట్టో, లవరెల్లో. గ్లాస్, స్వెయిన్, గ్రీన్, హేగన్, రోజర్స్‌తో కలిపి ఏడు ఇంటిపేర్లతోనే ఊరంతా చాలాకాలం నడిచింది.

కష్టాలూ తక్కువ కాదు. 1885లో దూరంగా పోతున్న ఓడతో సరుకులు మార్చుకోవడానికి పడవలో వెళ్లిన 15 మంది మగవాళ్లు తిరిగి రాలేదు. ఊరు వితంతువుల ఊరైపోయింది. అయినా ఊరు నిలిచింది.

రోజువారీ జీవితం

ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో రాతి గోడల మధ్య బంగాళాదుంప మడులు ఉంటాయి. మనకు అన్నం ఎలాగో వాళ్లకు బంగాళాదుంప అలాగ. గొర్రెలు, ఆవులు పెంచుతారు. భూమి మొత్తం ఉమ్మడిది. బయటివాళ్లు కొనడానికి వీల్లేదు. ఒక కుటుంబం ఎన్ని పశువులు పెంచుకోవచ్చో కూడా లెక్క ఉంది. గడ్డి అయిపోకూడదు, ఒకరే బాగా పెరిగిపోకూడదు అన్నది దాని ఉద్దేశం.

డబ్బు వచ్చేది ముఖ్యంగా లాబ్‌స్టర్ల వల్ల. సముద్రం శాంతంగా ఉన్న రోజు తెల్లవారుజామున గంట కొడతారు. అది వినగానే పడవలు బయలుదేరతాయి. పట్టిన సరుకు ఊళ్లోని ఫ్యాక్టరీలో శుభ్రం చేసి విదేశాలకు పంపుతారు. 2008లో ఆ ఫ్యాక్టరీ కాలిపోతే ఊరికి కరెంటు ఇచ్చే జనరేటర్లూ దానితోపాటే పోయాయి. ఒకే పని మీద ఆధారపడిన ఊరికి ఉండే భయం ఇదే.

బడి ఒకటి, ఆసుపత్రి ఒకటి ఉన్నాయి. పెద్ద జబ్బు చేస్తే ఓడ వచ్చేదాకా ఆగి కేప్‌టౌన్ పోవాలి. కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ పుట్టినందువల్ల ఉబ్బసం ఇక్కడ చాలా ఎక్కువ. దాని వెనుక ఉన్న జన్యువులను వెతకడానికి శాస్త్రవేత్తలు ఇక్కడికి వచ్చి పరిశోధన చేశారు. బడి చదువు అయ్యాక పైచదువుకు ద్వీపం దాటాల్సిందే.

కొండ పగిలిన రోజు

1961 అక్టోబరులో ఊరి పక్కనే నేల చీలి లావా పైకి వచ్చింది. 264 మంది ద్వీపవాసులూ పడవలెక్కి పక్కనున్న నైటింగేల్ ద్వీపానికి, అక్కడి నుంచి ఓడలో కేప్‌టౌన్‌కు, చివరికి ఇంగ్లండుకు చేరారు. అక్కడ ఇళ్లు ఇచ్చారు, ఉద్యోగాలు ఇచ్చారు. కరెంటు, బస్సులు, సినిమాలు అన్నీ ఉన్నాయి. కానీ అలవాటులేని జలుబు, దగ్గు పట్టుకున్నాయి. కొందరు వృద్ధులు చనిపోయారు. 1962లో రహస్య ఓటింగు పెడితే 148 మంది తిరిగి వెళతామన్నారు, ఐదుగురు మాత్రం ఉంటామన్నారు. 1963లో ఎక్కువమంది వెనక్కి వచ్చేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకు కొందరు మళ్లీ ఇంగ్లండు వెళ్లిపోయిన మాట కూడా నిజమే.

మనకేం సంబంధం?

ఈ లెక్క దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పండక్కి ఇంటికి పోతే ‘ఉద్యోగం వచ్చాక మళ్లీ ఊళ్లో ఉంటావా?’ అని అందరూ అడుగుతారు. ట్రిస్టన్ వాళ్లు ఇంగ్లండును వదిలి వచ్చారు కదా, మరి మనం?

మాకు తోచిన జవాబు ఇది. వాళ్లు తిరిగి వచ్చింది కొండ మీద ప్రేమతో మాత్రమే కాదు. ఆ ఊళ్లో భూమి అందరిది, ఎవరూ ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు. మన ఇళ్లు చాలావరకు ఊరి చివర ఉన్నాయి, సెంటు భూమి లేనివాళ్లం ఎక్కువ. అలాంటి ఊరికి తిరిగి పోవడం వాళ్లకున్నంత తేలిక కాదు. అందుకని ఊరిని మరిచిపోవడమూ సరికాదు. ఏ చట్టం చదవని మామూలు సైనికుడు, తాపీమేస్త్రీలు ‘ఎవరూ అధికులు కారు’ అని కాగితం మీద రాసుకుని, ఆ మాట మీద ఊరు కట్టగలిగారు. మన చేతిలో చదువుంది, రాజ్యాంగం ఇచ్చిన హక్కులున్నాయి. తిరిగి వెళ్లాలనిపించే ఊరును తయారు చేయడం మన పనే.

తమ్ముళ్లారా! ఇకమీదట అట్లాసు తెరిచినప్పుడు చిన్న చుక్కలను కూడా చూడండి. ప్రతి చుక్క వెనుక ఒక ఊరు, ఆ ఊరికి ఒక ఒప్పందం ఉంటాయి.