కాలి సెన్సార్ చెప్పే దూరం ఎంతవరకు నిజం?



"రోజూ అరగంట నడవండి" అనే మాట ఓ.పి.కి వచ్చే షుగర్, బి.పి. రోగులందరూ విన్నదే. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారికీ, బైపాస్ ఆపరేషన్ అయినవారికీ డాక్టర్ గారు నడకను మెల్లమెల్లగా పెంచమని చెబుతారు. ఒకప్పుడు "చర్చి దాకా వెళ్ళి వచ్చానండీ" అనేవారు. ఇప్పుడు "నిన్న 3.2 కిలోమీటర్లు, కిలోమీటరుకు 11 నిమిషాలు" అని చెప్పేవారూ ఉన్నారు. పిల్లలు కొనిచ్చిన స్పోర్ట్స్ వాచీ, దానికి తోడుగా బూటు లేసులకు తగిలించే చిన్న సెన్సార్ (ఫుట్ పాడ్) ఇందుకు కారణం.

లెక్క పెట్టుకోవడం మంచిదే. అయితే అంకె తప్పయితే రెండు నష్టాలున్నాయి. వేగం తగ్గినట్టు కనిపిస్తే గుండె బలహీనపడిందేమోనని దిగులు పడతాం. లేదా వాచీలో అనుకున్న అంకె వచ్చేదాకా శక్తికి మించి నడుస్తాం. అందుకే ఈ పరికరం ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో తెలుసుకుందాం.

సెన్సార్ ఎలా పనిచేస్తుంది?

బస్సు ఒక్కసారిగా కదిలితే మనం వెనక్కి తూలుతాం. బ్రేకు వేస్తే ముందుకు తూలుతాం. అలాంటి కుదుపులను కొలిచే యాక్సిలరోమీటర్ అనే చిప్ ఈ సెన్సార్‌లో ఉంటుంది. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ పాదం ఒక క్షణం నేలమీద నిలుస్తుంది. ఆ క్షణంలో దాని వేగం సున్న. అక్కడినుంచి పాదం ఎంత ఊపుతో లేచి, ఎంతసేపు గాలిలో సాగి, మళ్ళీ నేలకు ఆనిందో చూసి, సెన్సార్ అడుగు పొడవును లెక్కగడుతుంది. కొన్ని రకాలు పాదం నేలకు ఆని ఉన్న సమయాన్ని బట్టి వేగాన్ని అంచనా వేస్తాయి.

పాతకాలపు పెడోమీటర్ ఇలా కాదు. 1965లో జపాన్‌లో 'మాన్‌పో-కెయి', అంటే పదివేల అడుగుల మీటరు, అనే పేరుతో అమ్మకానికి వచ్చిన పరికరం అడుగులను మాత్రమే లెక్కపెట్టేది. అలాంటివాటితో దూరం తెలియాలంటే అడుగుల సంఖ్యను మన అడుగు పొడవుతో హెచ్చించుకోవాలి. కాలి సెన్సార్ అంతకంటే నయం. అయినా అదీ అంచనాయే.

తప్పు ఎందుకు వస్తుంది?

కంపెనీవారు సగటు మనిషి నడకను దృష్టిలో ఉంచుకొని సెన్సార్‌ను తయారుచేస్తారు. మన నడక వేరు. కొందరు పాదాలను ఈడుస్తారు, కొందరు మోకాలి నొప్పితో ఒక కాలిమీద ఎక్కువ బరువు వేస్తారు. సెన్సార్ వదులుగా ఉండి ఊగినా, ఒకరోజు పైలేసుకు, మరోరోజు కింది లేసుకు పెట్టినా లెక్క మారుతుంది. కొత్త బూట్లు వేసుకున్నా అంతే.

సరిచేసుకునే పద్ధతి

1. కొలత కచ్చితంగా తెలిసిన చోటు ఎంచుకోండి. 400 మీటర్ల అథ్లెటిక్ ట్రాక్ అన్నిటికంటే మంచిది. హైదరాబాదువారికి గచ్చిబౌలి స్టేడియంలో అలాంటి ట్రాక్ ఉంది. ఒక్క జాగ్రత్త: 400 మీటర్లు అనేది లోపలి మొదటి లైనుకే వర్తిస్తుంది. రెండవ లైను సుమారు 407 మీటర్లు, ఎనిమిదవ లైను సుమారు 453 మీటర్లు. నడిచేవారిని సాధారణంగా బయటి లైన్లలోకి పంపుతారు. అక్కడ మూడు రౌండ్లు నడిచి 1200 మీటర్లు అనుకుంటే, నిజానికి మీరు సుమారు 1359 మీటర్లు నడిచి ఉంటారు.

2. ట్రాక్ అందుబాటులో లేకపోతే సైకిల్ సాయం తీసుకోండి. చక్రంమీద సుద్దతో గుర్తు పెట్టి, ఒక చుట్టుకు ఎంత దూరం వెళ్ళిందో టేపుతో కొలవండి. చుట్టుకు 2.1 మీటర్లయితే 200 చుట్లకు 420 మీటర్లు. స్కూలు మైదానంలోనో, రద్దీ లేని దారిలోనో ఇలా కొలిచి గుర్తులు పెట్టుకోవచ్చు.

3. సెన్సార్‌ను బూటు నడిమి లేసులకు, కదలకుండా, ఎప్పుడూ ఒకే చోట పెట్టండి.

4. అయిదు నిమిషాలు మెల్లగా నడిచి, తరువాత వాచీ ఆన్ చేసి, మీరు రోజూ నడిచే వేగంతోనే కనీసం 800 మీటర్లు, వీలైతే 1200 మీటర్లు నడవండి. పరుగెత్తేవారు పరుగులోనే సరిచూసుకోవాలి. నడకకు కుదిరిన లెక్క పరుగుకు కుదరకపోవచ్చు.

5. వాచీ చూపిన దూరాన్ని రాసుకొని, కింది విధంగా లెక్క వేయండి.

చిన్న లెక్క

వాచీ సెట్టింగులలో 'కాలిబ్రేషన్ ఫాక్టర్' అనే అంకె ఉంటుంది. మొదట అది సాధారణంగా 1.000 గానో, 100 గానో ఉంటుంది. పాత అంకెను నిజమైన దూరంతో హెచ్చించి, వాచీ చూపిన దూరంతో భాగిస్తే కొత్త అంకె వస్తుంది.

ఉదాహరణకు మీరు 1200 మీటర్లు నడిస్తే వాచీ 1140 చూపిందనుకుందాం. 1200ని 1140తో భాగిస్తే 1.053. పాత అంకె 1.000 అయితే కొత్తది 1.053. మళ్ళీ ఒకసారి నడిచి చూడండి. 1200కు పది, పదిహేను మీటర్ల తేడా ఉంటే చాలు, మన అవసరానికి అది సరిపోతుంది.

ఈ 5 శాతం తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కాని కిలోమీటరుకు సరిగ్గా 10 నిమిషాల వేగంతో నడిచేవారికి వాచీ 10 నిమిషాల 32 సెకన్లు చూపిస్తుంది. వారు ఆ 32 సెకన్ల కోసం ఆయాసపడనవసరం లేదు. సరిచేయవలసింది వాచీని, నడకను కాదు.

కొన్ని వాచీలు ఉపగ్రహాల (జి.పి.ఎస్.) సాయంతో తమంతట తామే సరిచేసుకుంటాయి. ఆకాశం బాగా కనిపించే తిన్నని దారిలో ఇది బాగానే పనిచేస్తుంది. చెట్లు, ఎత్తైన భవనాల మధ్య, మలుపులు ఎక్కువున్న చిన్న పార్కులో అంతగా నమ్మలేం.

ట్రెడ్‌మిల్ మీద నడిచేవారికి

యంత్రం చూపే వేగం కూడా తప్పు కావచ్చు. యంత్రం ఆగి ఉన్నప్పుడు బెల్టు మొత్తం పొడవు కొలిచి, అంచున సుద్దతో గుర్తు పెట్టండి. మీరు నడుస్తుండగా మరొకరు పక్కన నిలబడి ఒక నిమిషంలో ఆ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. బెల్టు 3 మీటర్లుండి 30 సార్లు తిరిగితే నిమిషానికి 90 మీటర్లు, అంటే గంటకు 5.4 కిలోమీటర్లు. ఖాళీ బెల్టును లెక్కపెట్టవద్దు. మనిషి బరువు పడితే వేగం కొంత తగ్గవచ్చు.

మళ్ళీ ఎప్పుడు సరిచూడాలి?

బూట్లు మార్చినప్పుడు, బరువు బాగా తగ్గినప్పుడు, కాలికి దెబ్బ తగిలి నడక మారినప్పుడు తప్పక సరిచూసుకోండి. అంకెలు ఉన్నట్టుండి తప్పిపోతే, మధ్యలో ఆగిపోతే, ముందు సెన్సార్ బ్యాటరీ మార్చి చూడండి.

షుగర్ ఉన్నవారికి ముఖ్య గమనిక

కొన్ని సెన్సార్లు బూటు లోపల పెట్టేవి. 2006లో నైకీ, ఆపిల్ కంపెనీలు తెచ్చిన సెన్సార్‌ను బూటులో ఇన్‌సోల్ కింద పెట్టేవారు. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు గట్టి వస్తువు ఏదీ బూటు లోపల పెట్టకూడదు. నొప్పి తెలియకుండానే పుండు పడుతుంది. అది మానకపోతే కాలికే ప్రమాదం. లేసులమీద పెట్టే రకమే వాడండి. దానికోసం లేసులు బిగించి కట్టవద్దు. నడిచి వచ్చాక రెండు పాదాలనూ, అరికాళ్ళనూ చూసుకోండి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు జేబులో చక్కెర గాని గ్లూకోజ్ గాని ఉంచుకోవాలి.

అంకె కంటే ముందు శరీరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. ఇది నిమిషాల లెక్కే గాని కిలోమీటర్ల లెక్క కాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే మధ్యస్థ వేగం. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు వాడేవారికి నాడి అంతగా పెరగదు. కాబట్టి నాడి కంటే ఈ మాటల పరీక్షే వారికి మేలు. ఛాతీలో నొప్పి, బరువు, తల తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే వాచీ ఏమి చూపించినా సరే, వెంటనే ఆగి వైద్య సహాయం తీసుకోండి.

చెకప్‌కు వచ్చేటప్పుడు మీ నడక పుస్తకం తెచ్చుకోండి. తేదీ, నిమిషాలు, దూరం రాసిన చోటే, బూట్లు మార్చిన రోజూ సెన్సార్ సరిచేసిన రోజూ రాసి ఉంచండి. అప్పుడు తేడా మీ ఆరోగ్యంలో వచ్చిందో, సెన్సార్‌లో వచ్చిందో డాక్టర్ గారు తేలికగా తెలుసుకోగలుగుతారు.