కుక్కలతో ప్రయాణం - మొదటి యింటిబండి



వెనకటికి మా గోదావరి పల్లెల్లో గూడుబండి కట్టించుకుని తీర్థాలకి వెళ్ళేవారు. లోపల గడ్డి పరిచి, దానిమీద జంపఖానా వేసి, పిల్లల్నీ, పులిహోర గిన్నెనీ, నీళ్ళ కూజానీ సర్దుకునేవారు. యింటి కుక్క బండి యిరుసు కింద నీడన నడిచి వచ్చేది. దాన్ని రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు, పొమ్మన్నా పోయేది కాదు. యీ రోజుల్లో ఆ గూడుబండికే యింజను తగిలించి, మంచమూ, పొయ్యీ, నీళ్ళ తొట్టీ అమర్చి మోటార్ హోమ్ అంటున్నారు. నేను యింటిబండి అంటాను. కాకపోతే కుక్క యిప్పుడు యిరుసు కింద నడవదు, లోపల కూచుంటుంది. చిక్కంతా అక్కడే వుంది.

మాకు రెండు కుక్కలు. పిల్లలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళిపోయాక మండపేటలో యింటికి అవి కాపలా, వాటికి మేం కాపలా. పెళ్ళికి వెళ్ళాలన్నా, మనవరాలి బారసాలకి వెళ్ళాలన్నా మాలో ఒకరు వుండిపోవలసిందే. రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్టు ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలో ఒంటరిగా పంపాలి. అంచేత చిన్న వ్యాను కొందామన్నారు మావారు. మంచం ఎంత, పొయ్యి ఎక్కడ అని నేను లెక్కలు వేసుకుంటూ వుండగా ఒక సంగతి జరిగింది.

వైశాఖమాసం, మధ్యాహ్నం. కారు చెట్టు నీడన పెట్టి, అద్దాలు రెండంగుళాలు దించి, పెద్ద కుక్కని లోపల వుంచి, పది నిమిషాల్లో వచ్చేద్దామని దుకాణంలోకి వెళ్ళాం. అరగంటైంది. నీడ జరిగిపోయింది. వచ్చేసరికి అది నాలిక వేళ్ళాడేసి, చొంగ కారుస్తూ, లేవలేక పడివుంది. కుళాయి నీళ్ళు ఒళ్ళంతా పోసి, విసురుతూ పశువుల డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాం. బతికింది. తప్పు మాదే, మరెవరిదీ కాదు.

డాక్టరుగారు చెప్పింది మీక్కూడా చెబుతాను. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, అరికాళ్ళలో కొద్దిగా పడుతుందంతే. నాలిక బయటపెట్టి రొప్పుతుంది. నోట్లో తడి ఆవిరైతే దాని ఒళ్ళు చల్లబడుతుంది. మన డెల్టాలో గాలినిండా తేమ. దండెం మీద బట్టలు ఆరనట్టే దాని నాలిక మీద తడీ ఆరదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 106 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. ఎండలో మూసివున్న బండి లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 19 డిగ్రీల ఫారన్‌హీట్ పెరుగుతుంది. అద్దం రెండంగుళాలు దించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కలకి ప్రమాదం మరీ ఎక్కువ.

అంచేత యింటిబండి చూసేటప్పుడు మొదట అడగవలసింది గాలి సంగతి. రెండువైపులా తెరుచుకునే కిటికీలు, వాటికి దోమతెరలు, పైకప్పులో గాలి బయటికి లాగే చిన్న ఫాను వుండాలి. ఏసీ వుందిగా అంటారా? లెక్క చూడండి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో వుండేది 1200 వాట్ అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే త్వరగా పాడవుతుంది, కాబట్టి చేతికొచ్చేది 600. దాంతో 20 వాట్ల ఫాను 30 గంటలు తిరుగుతుంది. వెయ్యి వాట్ల ఏసీ అయితే అరగంట దాటగానే ఆగిపోతుంది. యింజను ఆపాక ఏసీని నమ్ముకుని కుక్కని వదిలి వెళ్ళకూడదన్నమాట. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. గుడికి వెళితే దర్శనం వంతులవారీగా. ఒకరు లోపలికి, ఒకరు కుక్కల దగ్గర.

రెండోది, బండి సైజు. పెద్దది చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఫోర్స్ ట్రావెలర్ లాంటి వాటిలో నిలబడి వంట చేసుకోవచ్చు. కాని కాలవగట్టు రోడ్డు మీద ఎదురుగా ధాన్యం లారీ వస్తే వెనక్కి తీసుకోవలసింది మనమే. మారుతి ఈకో లాంటిదైతే పొడవు సుమారు 12 అడుగులు, వెడల్పు 5 అడుగుల లోపు. మన వీధుల్లో తిరుగుతుంది, మన వాకిట్లో నిలుస్తుంది. ఇద్దరు మనుషులకీ, ఒకటి రెండు కుక్కలకీ మొదటిసారికి అది చాలు. నిలబడి చీర కట్టుకోవడానికి మాత్రం వీలవదు, ముందే చెబుతున్నాను.

మూడోది, నేల. కుక్క వుండేది నేలమీద కదా. నున్నటి రేకు మీద గోళ్ళు జారి, మలుపు తిరిగినప్పుడల్లా పడుతుంది. కింద గీతల రబ్బరు పట్టా, దానిమీద ఉతుక్కోడానికి వీలుగా పాత జంపఖానా వేయండి. గడప ఎత్తు కొలవండి. ముసలి కుక్క ఎక్కలేదు, ఎత్తబోతే మన నడుం పడుతుంది. ఒక వెడల్పాటి చెక్కపలక ఏటవాలుగా వేస్తే సరిపోతుంది. పాత బండి కొంటే నేల పట్టా ఎత్తించి చూడండి. మన తేమకి రేకు అడుగునుంచే తుప్పు పడుతుంది.

నాలుగోది, కట్టే చోటు. సడన్ బ్రేకు పడితే వదిలేసిన కుక్క ముందు అద్దం దాకా ఎగిరొస్తుంది. మెడపట్టీకి కట్టకండి, మెడ విరుగుతుంది. రొమ్ముచుట్టూ వచ్చే పట్టీ వేసి, సీటు బెల్టు కొక్కేనికి తగిలించండి. లేదా పెట్టెలో వుంచి, ఆ పెట్టెని బిగించండి.

ఐదోది, కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి రూపాన్ని మన యిష్టం వచ్చినట్టు మార్చకూడదు. కప్పు కోయించడం, సీట్లు పీకేసి మంచం బిగించడం లాంటివి చేసేముందే రవాణా ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమావాళ్ళతో పేచీ వస్తుంది. కుక్కల రేబిస్ టీకా కార్డు కూడా ఆ కాగితాల్లోనే పెట్టండి. వరిచేల నీళ్ళలో ఎలకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి టీకా వుంది, అదీ వేయించండి.

ఇక దిగబోయే ముందు ఒక రాత్రి మీ వాకిట్లోనే పడుకుని చూడండి. ఆ తరువాత ఏ అంతర్వేదికో ఒక రాత్రి. ఇరవై కిలోల కుక్కకి రోజుకి లీటరు పైనే నీళ్ళు కావాలి, ఎండల్లో రెట్టింపు. బయల్దేరే ముందు రెండు మూడు గంటలు తిండి పెట్టకండి, వాంతి చేసుకుంటుంది. రెండు గంటలకోసారి ఆపి దింపండి. కొబ్బరిచెట్టు కింద బండి నిలపకండి, ఎందుకో మీకు తెలుసు. మూసిన బండిలో పొయ్యి వెలిగించకండి, ఆ విషవాయువుకి వాసన వుండదు. మన్యంవైపు వెళితే, అభయారణ్యాల్లోకి కుక్కల్ని రానివ్వరని గుర్తుంచుకోండి.

మేం చివరికి చిన్న పాత వ్యానే తీసుకున్నాం. కొనేముందు నేనొక పరీక్ష పెట్టాను. మధ్యాహ్నం పన్నెండింటికి, యింజను ఆపించి, కిటికీలు తెరిపించి, కుక్కలు పడుకునే చోట నేలమీద పావుగంట కూచున్నాను. మొదటి రెండు బండ్లలో కూచోలేకపోయాను. మూడోదాన్లో కూచోగలిగాను. అదే కొన్నాం. అమ్మేవాళ్ళు నవ్వారు, నవ్వనివ్వండి. మనకే ఊపిరాడని చోట నోరులేని జీవాన్ని కూచోబెట్టకూడదు కదండీ. మొన్న బారసాలకి నలుగురం వెళ్ళొచ్చాం.