గాజును ముట్టని చేయి

శిల్పమనగానే మనకు స్ఫురించునది ఉలి. రాతిని చెక్కువాని చేయి రాతిమీదనే యుండును. కాని కరగిన లోహమును, కాగిన గాజును ముట్టుట యెవ్వరికిని శక్యము గాదు. అయినను వీనిని చేతిపని యనియే వ్యవహరించుచున్నాము. ఆ మాట యెంతవరకు చెల్లునో కొంచెము విచారింతము.

లోహము సంగతి మనకు దూరమైనది కాదు. తెలంగాణమున, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఉషేగాము, కేస్లాగూడ పల్లెలలో ఓజా శిల్పులు ఇత్తడి బొమ్మలు పోత పోయుచున్నారు. మట్టిముద్దపై తేనెమైనపు తీగలను చుట్టి, ఆకృతి యంతయు మైనముననే తీర్చి, పైని మరల మట్టి మెత్తుదురు. కాల్చినపుడు మైనము కరగిపోవును. ఆ ఖాళీలో ఇత్తడి నిండును. శాస్త్రకారులు దీనిని మధూచ్ఛిష్ట విధానమనిరి. మధూచ్ఛిష్టమనగా తేనె తీయగా మిగిలినది, మైనమన్నమాట. అచ్చును పగులగొట్టినగాని బొమ్మ బయటికి రాదు గనుక ఏ రెండును ఒక్కతీరుగ నుండవు. 2018లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. శిల్పి చేయి తాకినది మైనమును. మనకు దక్కినది ఇత్తడి.

గాజుపనిలో ఆపాటి స్పర్శయు లేదు. అమెరికాలో ఊదుగాజు చిరకాలము కర్మాగారముల సొత్తుగా నుండెను; బొమ్మ గీయువాడొకడు, ఊదువాడు వేరొకడు. 1962లో హార్వే లిటిల్టన్ అను కుండపని బోధకుడు, టొలీడో కళాప్రదర్శనశాల ఆవరణమున చిన్న కొలిమి కట్టి, శిల్పి తన గాజును తానే కరగించి ఊదుకొనగలడేమో పరీక్షించెను. మొదట కరగించిన గాజు లొంగలేదు. డొమినిక్ లబీనో అను గాజు నిపుణుడు సులువుగ కరగు గాజుగోళీలను సమకూర్పగా పని సాగినది. మన పిల్లలాడు గోళీలవంటివే సుమా!

ఇనుపగొట్టము కొనకు తేనెపాకమువలె గాజును చుట్టి తీయుదురు. అప్పటి వేడిమి ఇంచుమించు 1100 డిగ్రీలు. గొట్టమును త్రిప్పుట మానినచో గాజు క్రిందికి జారును. ఊపిరితో ఉబ్బించి, తడిపిన వార్తాపత్రికల మడతను అరచేత నుంచుకొని దానితో ఒత్తి గుండ్రన చేయుదురు. పిదప మెల్లమెల్లగ చల్లార్పవలెను, తొందరపడినచో పగులును.

లిటిల్టన్ శిష్యుడే డేల్ చిహూలీ. 1976లో ఇంగ్లండున మోటారు ప్రమాదమున ఆయన ఎడమకన్ను పోయెను. 1979లో సముద్రపు అలలపై ఈదులాడుచుండ భుజము దెబ్బతినెను. అటుపై గొట్టమును ఇతరుల కప్పగించి, తాను చిత్రములు గీయుచు, ప్రక్కన నిలిచి నడిపింపసాగెను. గురువు ఒక్కనిచేత నుంచదలచిన పని శిష్యునికాలమున మరల పదిమంది చేతులలోనికి వచ్చినది. లాస్ వేగాస్‌లో బెలాజియో హోటలు పైకప్పునకు 1998లో ఇనుపచట్రముపై అమర్చిన రెండువేల గాజుపూవులు ఇట్టి కూటపుపనియే. ఊదనివాని పేరేల పెట్టవలెనని అడిగినవారు కలరు.

మన శిల్పశాస్త్రము స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు అని నలువురిని చెప్పినది. దేవాలయము స్థపతిదే, ప్రతి రాతిని ఆయనయే చెక్కెనని యెవ్వరు ననరు. ఆ లెక్కను చిహూలీ స్థపతి యనుటకు నాకు సందేహము లేదు. అయితే మన గుడులలో తక్షకుల పేర్లు చాలచోట్ల మిగులలేదు. గాజు ఊదినవారి పేర్లైనను పూవులచెంత వ్రాసియుంచినచో నాకు మరింత సంతోషముగ నుండును.