ల్యాబ్ టెక్నీషియనుకు చట్టం దక్కింది, కొలువు దక్కలేదు

గత వారం బంధువొకరి రక్తపరీక్ష నిమిత్తం ఢిల్లీలోని ఒక ఆసుపత్రికి వెళ్లాను. నా మాట తీరు పట్టుకొని అక్కడి ల్యాబ్ టెక్నీషియను తెలుగులో పలకరించాడు. శ్రీకాకుళం జిల్లావాడు, డిగ్రీ చదివినవాడు. పర్మనెంటు ఉద్యోగమేనా అని అడిగాను. "కాదండీ, కాంట్రాక్టు. ఆర్నెల్లకొకసారి కాగితం మారుస్తారు" అన్నాడు.

వైద్యుడు మందు రాసేది చాలా సందర్భాలలో ఇటువంటివారి చేతిమీదుగా వచ్చిన ఫలితాన్ని చూసే. 2020 జనవరిలో మన దేశంలో తొలి కోవిడ్ కేసు బయటపడినప్పుడు ఆ పరీక్షకు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థే దిక్కు. తరువాత పరీక్షా కేంద్రాలు వేల సంఖ్యకు పెరిగాయి. యంత్రాలను విదేశాలనుంచి తెప్పించుకోవచ్చు. వాటిని నడిపే చేతులను మనమే తయారుచేసుకోవాలి.

ఆ చేతులకు పార్లమెంటు ఇచ్చినదేమిటి? పారామెడికల్ వృత్తులకు కేంద్ర మండళ్లు ఏర్పరచాలన్న 2007 నాటి బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. చివరకు 2021 మార్చిలో జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టాన్ని ఉభయ సభలూ ఆమోదించాయి. ఆరోగ్య వృత్తి నిపుణునికి 3,600 గంటలు, అనుబంధ వృత్తి నిపుణునికి 2,000 గంటలు కనీస శిక్షణ అని అది నిర్ణయించింది. రాష్ట్రాలు మండళ్లు నెలకొల్పి, అర్హుల పేర్లు నమోదు చేయాలన్నది. మూడేళ్లు గడిచినా అమలు కుంటుతూ ఉండడంతో, రెండు నెలల్లో చర్యలు తీసుకోవాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. అప్పటికి మండళ్లు ఏర్పరచిన రాష్ట్రాలు 14 మాత్రమే.

సొంత ల్యాబ్ పెట్టుకుందామన్నా దారి ఇరుకే. పాథాలజీ నివేదికపై ఆ శాస్త్రంలో పీజీ చేసిన వైద్యుడే సంతకం చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోగి క్షేమం దృష్ట్యా ఆ తీర్పును తప్పుపట్టలేము. కాని సంతకం అధికారం లేనివానికి మిగిలేది కొలువొక్కటే. జిల్లాల్లో సమగ్ర ప్రజారోగ్య ల్యాబులు నెలకొల్పే కేంద్ర పథకం 2021 అక్టోబరులో ఆరంభమైంది. భవనానికి శంకుస్థాపన జరిగినంత తేలికగా పర్మనెంటు పోస్టు మంజూరు కాదన్నది రాజధానిలో అందరూ ఎరిగిన సంగతే.

రిపోర్టు చేతికిస్తూ ఆ యువకుడు అడిగాడు: "మా తమ్ముడు కూడా ఇదే కోర్సులో చేరతానంటున్నాడు. ఏం చెప్పమంటారు?"

చేరమనడానికి ధైర్యం చాలలేదు. వద్దనడానికి, చేతిలోని ఆ రిపోర్టు ఒప్పుకోలేదు.