ఐసెలిన్ మట్టిలో మంచుయుగం

ఐసెలిన్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఓక్ ట్రీ రోడ్డు. దోసెలు, మిఠాయిలు, చీరల షాపులు, నగల షాపులు... న్యూజెర్సీలో ఉన్నామో, మన ఊళ్లోనే ఉన్నామో తెలీదు! కానీ నాలాంటి కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌కి మాత్రం ఐసెలిన్ అంటే ముందు మట్టే. అదీ మామూలు మట్టి కాదు.

ఆమధ్య ఇక్కడే ఒక ఇంటికి డ్రైనేజీ పైపు కోసం ఆరడుగుల లోతు ట్రెంచ్ తవ్విస్తున్నాం. పైన బంకమట్టి, కింద ఇసుక, ఆ కింద గులకరాళ్లు. ఉన్నట్టుండి మిషన్ బకెట్ ఖంగుమంది. చూస్తే గుమ్మడికాయలా నున్నగా అరిగిన పెద్ద బండ! మా దగ్గర నిజామాబాద్ కుర్రాడొకడు పని చేస్తున్నాడు. దుబాయ్‌లో నాలుగేళ్లు చేసి వచ్చినవాడు. "అన్నా, దగ్గర్ల గుట్టన్న లేదు. గీ బండ యాడికెల్లి వచ్చింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లంచ్ టైమైంది, పైకి రమ్మన్నాను.

పది నిమిషాలు కాలేదు. ఒక పక్క గోడ మొత్తం గుంటలోకి జారిపోయింది. సరిగ్గా వాడు నిలబడిన చోటే! ఒక్క పూట పనే కదా అని ట్రెంచ్ బాక్స్ పెట్టించకుండా మనిషిని దించిన తప్పు నాదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడి ప్రశ్నకి జవాబు వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

మంచు మోసుకొచ్చిన రాయి

సుమారు 25 వేల ఏళ్ల కిందట కెనడా వైపు నుంచి కదిలొచ్చిన మంచు పలక ఈ ప్రాంతం దాకా వచ్చి ఆగింది. కొండల్ని కప్పేసేంత మందం దానిది. దారిపొడవునా నేలను గీకుతూ, రాళ్లు పెకలిస్తూ వచ్చింది. వాతావరణం వేడెక్కి కరిగిపోయేటప్పుడు, మోసుకొచ్చిందంతా అంచున కుప్ప పోసి పోయింది. ఆ గట్టునే టెర్మినల్ మొరేన్ అంటారు. లాంగ్ ఐలాండ్, స్టాటెన్ ఐలాండ్ దాటి పెర్త్ అంబోయ్, మెటుచెన్, ప్లెయిన్‌ఫీల్డ్ మీదుగా అది సాగుతుంది. ఐసెలిన్ దాని పక్కనే ఉంది. మా బండ ఆ మంచు మీద ప్రయాణం చేసి వచ్చిందన్నమాట!

నది అయితే ఇసుకని, బురదని జల్లెడ పట్టినట్టు వేరుచేసి పరుస్తుంది. మంచుకి ఆ ఓపిక లేదు. బంకమట్టి, ఇసుక, బండలు అన్నీ కలగలిపి పారబోస్తుంది. కరిగిన నీళ్లు పారిన చోట ఇసుక పొరలు మిగులుతాయి. వాటిలో నీరు ఊరిందంటే పైమట్టికి ఇక పట్టుండదు.

ఇంకా లోతుకి పోతే ఎర్రటి షేల్ రాయి తగులుతుంది. దాని వయసు 20 కోట్ల ఏళ్లకు పైమాటే. ఆఫ్రికా, అమెరికా ఒకదాన్నొకటి వదులుకుంటున్న రోజుల్లో నేల సాగి ఏర్పడిన పల్లంలో పేరుకున్న బురద అది. ఆ సాగుడే చివరికి తూర్పున అట్లాంటిక్ సముద్రాన్ని తెరిచింది. ఆ సముద్రం నడుమ అడుగున ఈనాటికీ లావా ఉబికి కొత్త నేల పుడుతూనే ఉంది. ఏటా రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున అట్లాంటిక్ వెడల్పవుతోంది.

సముద్రం కింద నది జాడ

మంచుయుగంలో అంత నీరు మంచుగా నేలమీదే ఉండిపోవడంతో ప్రపంచమంతటా సముద్రం దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. ఇప్పుడు న్యూయార్క్ దగ్గర సముద్రంలో కలిసే హడ్సన్ నది, అప్పట్లో ఇంకా సుమారు 100 మైళ్లు ముందుకి పారేది. ఆ దారి సముద్రం అడుగున ఇప్పటికీ కనిపిస్తుంది. దాని చివర హడ్సన్ కాన్యన్ అనే పెద్ద లోయ ఉంది. నీటి అడుగున జారే బురద ప్రవాహాలు దాన్ని కోశాయి.

దుబాయ్, కువైట్‌లలో ఉన్న మనవాళ్లకి ఇంకో విశేషం. మీ ఎదుటి గల్ఫ్ సముద్రం సగటు లోతు 35 మీటర్లే. మంచుయుగంలో అది చాలావరకు ఎండిన నేల!

మాది భీమిలి వైపు. అక్కడి ఎర్రమట్టి దిబ్బలు కూడా ఇలాంటి కథే చెబుతాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి పోసింది. ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కింది. వానలు గండ్లు కోశాయి. ఐసెలిన్ షేల్ రాయికి ఎరుపు తెచ్చిందీ ఆ ఇనుమే. 2014లో ఆ దిబ్బలని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అయినా 2024లో అక్కడ ఇళ్ల స్థలాల కోసం యంత్రాలు దింపి చదును చేస్తుంటే పెద్ద గొడవ జరిగింది. వేల ఏళ్లు పట్టి తయారైనదాన్ని చెరపడానికి ఒక్క వారం చాలు!

దిగే ముందు గోడ చూడండి

అమెరికాలో ఓషా రూలు ప్రకారం 5 అడుగులు, అంతకంటే లోతు ట్రెంచ్‌కి షోరింగో, ట్రెంచ్ బాక్సో, వాలుగా కోయడమో తప్పనిసరి. గుంట మొత్తం గట్టి రాయి అయితేనే మినహాయింపు. 4 అడుగులు, అంతకంటే లోతైతే నిచ్చెన లాంటి ఎక్కిదిగే దారి ఉండాలి. తవ్విన మట్టి అంచుకి కనీసం 2 అడుగుల దూరంలో పోయాలి. ఒక్క క్యూబిక్ యార్డు మట్టి దాదాపు ఒక కారంత బరువు. మీద పడితే ఊపిరి తీసుకోవడానికి కూడా సందు ఉండదు. దేశాన్ని బట్టి రూళ్లు మారొచ్చు గానీ మట్టి బరువు మారదు. సూపర్‌వైజర్ తొందరపెడుతున్నాడని దిగకండి తమ్ముళ్లూ. ఆ తొందరపెట్టినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను.

ఆ బండని పారేయకుండా మా యార్డులో ఒక మూల పెట్టించాను. నిజామాబాద్ కుర్రాడు ఇప్పుడు గుంటలోకి దిగే ముందు నా మొహం చూడడు. గోడ చూస్తాడు.